వేట బట్టల శుభ్రత (కోనసీమ)

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, మధ్యలో వైనతేయ చీల్చుకుపోగా ఏర్పడ్డ దీవుల నేల కోనసీమ. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. ఇక్కడ వేట అంటే చేపలు, రొయ్యలు, పీతల వేట. అడవి జంతువులనూ పక్షులనూ వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కాబట్టి, శీతకాలంలో లంకల్లో వాలే పిట్టలను చాటుగా పట్టే వేట ఈ వ్యాసంలోకి రాదు. రాజోలు వైపు అంతర్వేది పల్లిపాలెం, కరవాక, అమలాపురం దిగువన ఓడలరేవు, ఎస్.యానాం, కాట్రేనికోన మండలంలో పల్లం, బలుసుతిప్ప సముద్రాన్నీ మడ కాలువలనూ నమ్ముకున్న ఊళ్ళు. ఎగువన కొత్తపేట వైపు లంకల్లోనూ పంట కాలువల గట్ల మీదా గేలం, విసురువల, ఊత, మావులతో చిన్న వేట సాగుతుంది. ఈ రెండు చోట్లా వేటకంటూ ప్రత్యేకమైన దుస్తులు లేవు. పొద్దున కొబ్బరితోటలో పనిచేసిన లుంగీ, బనీను, తలకు చుట్టిన తువ్వాలే సాయంత్రం మొలలోతు నీళ్ళలోకి దిగుతాయి. అవే బట్టలతో దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగుతారు, బస్సెక్కుతారు, అరుగు మీద కూర్చుంటారు. నిత్యం కట్టుకునే బట్టే వేటబట్ట కావడం వల్ల దాని శుభ్రత ఇంటి విషయమూ అయింది, ఆరోగ్య విషయమూ అయింది, మనిషి మర్యాదకు సంబంధించిన విషయమూ అయింది.

ఈ శుభ్రత సబ్బు మీదా ఉతికేవారి ఓపిక మీదా ఆధారపడుతుందని సాధారణంగా అనుకుంటాం. వేట బట్టకు అంటే మురికి ఒక్కొక్కటీ ఏమిటో, అది నూలుపోగులో ఎలా నిలుస్తుందో చూస్తే వేరే సంగతి తేలుతుంది. నిర్ణయించేవి రెండు: బట్ట ఆరకముందే అందే నీళ్ళు, ఆఖరి జాడింపుకు దొరికే మంచినీళ్ళు. సబ్బుది వాటి తరవాతి స్థానం. కోనసీమలో వేట ఎక్కువగా సాగేదీ, మంచినీటికి కటకటపడేదీ ఒకే ప్రాంతం. అందుకే వేటబట్ట శుభ్రతను అలవాట్ల లెక్కలో కన్నా నీటి లెక్కలో చూడటమే సరైనది.

ముందుగా ఉప్పు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మనం వంటలో వాడే ఉప్పే. కొంత మెగ్నీషియం లవణాలు. వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం తేమకే కరుగుతుంది. కోస్తాలో రాత్రిళ్ళు తేమ 75 శాతం దాటడం మామూలే. అందువల్ల ఉప్పునీటిలో తడిసి అలాగే ఆరిన లుంగీ మధ్యాహ్నం అట్టలా బిగుసుకుంటుంది, చీకటి పడేసరికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. ఎండలో ఎంతసేపు ఆరేసినా అది నిజంగా ఆరదు. ఆ చెమ్మలో బూజు పడుతుంది, ముక్కవాసన పుడుతుంది. ఆరిన ఉప్పు పలుకులు తొడల దగ్గరా చంకల్లోనూ ఒరుసుకుని చర్మం రేగుతుంది. ఎప్పుడూ చెమ్మగా ఉండే మొలబట్ట కింద తామర త్వరగా పాకుతుంది. వీటిలో ఏదీ కంటికి కనబడే మురికి కాదు. దండెం మీద తెల్లగా కనిపించే బనీనులో కూడా ఉప్పు మిగిలే ఉండవచ్చు.

ఉప్పు వదలడానికి సబ్బు అక్కర్లేదు, నీళ్ళు చాలు. కానీ ఎన్ని నీళ్ళు, ఎన్ని విడతలుగా అన్నదే అసలు లెక్క. ఒక నూలు లుంగీని గట్టిగా పిండినా దాదాపు తన బరువంత నీటిని పట్టి ఉంచుకుంటుంది. 300 గ్రాముల లుంగీలో సుమారు 300 మిల్లీలీటర్లు అనుకుందాం. అది సముద్రపు నీరైతే అందులో పది గ్రాములకు పైగా ఉప్పుంది. దాన్ని ఆరు లీటర్ల మంచినీటిలో ఒకేసారి జాడించి పిండితే ఉప్పులో ఇరవై ఒకటో వంతు, అంటే అర గ్రాము మిగులుతుంది. అవే ఆరు లీటర్లను మూడేసి చొప్పున రెండు విడతలు చేసి, మధ్యలో ఒకసారి గట్టిగా పిండితే మిగిలేది నూట ఇరవై ఒకటో వంతు, అంటే గ్రాములో పదో వంతు కూడా కాదు. నీళ్ళు అవే, బట్ట అదే. విడతలు మారాయి కాబట్టి ఫలితం దాదాపు ఆరు రెట్లు మెరుగైంది. బిందె నీళ్ళు మోసి తెచ్చుకునే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. ఒకే బకెట్లో అన్ని బట్టలూ కలిపి ముంచి తీయడం కన్నా, కొద్దికొద్ది నీళ్ళతో రెండు మూడుసార్లు జాడించి పిండటం ఎక్కడైనా మేలే. ఉప్పునీటి ఊళ్ళలో మాత్రం అది తప్పనిసరి.

రెండోది చేప నుంచి వచ్చేది: జిగురు, నెత్తురు, కొవ్వు, నీచు. జిగురూ నెత్తురూ మాంసకృత్తులు. కోడిగుడ్డు సొన వేడికి గట్టిపడ్డట్టే ఇవి కూడా వేడి తగిలితే పోగుల్లో గడ్డకట్టి స్థిరపడతాయి. కాబట్టి వేటబట్టను మొదట వేడినీళ్ళలో నానబెట్టడం మరకను చేజేతులా ముద్రవేయడమే. చల్లని నీళ్ళు, అదీ నెత్తురు తడిగా ఉండగానే తగలాలి. ఇక నీచు వాసన. సముద్రపు చేపల ఒంట్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం సమృద్ధిగా ఉంటుంది, దానికి వాసన లేదు. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి, మనకు తగిలే నీచు అదే. మంచినీటి చేపల్లో ఈ పదార్థం చాలా తక్కువ. అందుకే కాలువలో కొర్రమేను పట్టినవాడి లుంగీ బురదవాసన వేస్తుంది గాని, సముద్రం నుంచి వచ్చినవాడి లుంగీలా నీచు కొట్టదు. ట్రైమిథైలమీన్ క్షారగుణం కలది. పులుపు తగిలితే వాసన లేని లవణంగా మారి నీళ్ళతో పాటు పోతుంది. చేపముక్కలను వండేముందు నిమ్మరసంతోనో మజ్జిగతోనో కడిగే మన వంటింటి పద్ధతిలో ఉన్న రసాయనం ఇదే. బట్టకూ అదే పనిచేస్తుంది: ఉతికాక ఆఖరి జాడింపుకు ముందు, బకెట్ నీళ్ళలో రెండు మూడు నిమ్మకాయలు పిండి కాసేపు ఉంచితే చాలు. చింతపండు మాత్రం బట్టకు పనికిరాదు, దాని రంగు వేరే మరక అవుతుంది.

మూడోది నేల నుంచి వచ్చే మరక. ఇది ఊరూరికీ మారుతుంది. మండపీతల కోసం మడ చెట్ల మధ్య బురదలో దిగినవాడి లుంగీ అంచును దగ్గరగా చూస్తే విషయం అర్థమవుతుంది. గాలి సోకని ఆ బురద నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంటుంది. ఆ నలుపు ఇనుమూ గంధకమూ కలిసిన సమ్మేళనానిది. లుంగీ ఒడ్డుకు చేరి గాలి తగిలాక నలుపు తగ్గుతుంది, వాసనా తగ్గుతుంది, మరక పోతోందని అనిపిస్తుంది. నిజానికి లోపలి ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి తుప్పుగా మారుతోంది. మర్నాటికి అంచంతా పసుపు కలిసిన ఎరుపు తేలుతుంది. అప్పుడు చాలామంది బ్లీచింగ్ పొడి వేస్తారు, దాంతో తుప్పు మరింత స్థిరపడుతుంది. తుప్పును కరిగించేది పులుపే: మరక మీద నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో ఉంచి, తరవాత బాగా జాడించాలి. బ్లీచింగ్ వేసిన బట్ట మీద నిమ్మరసం గాని, నిమ్మరసం రాసిన బట్ట మీద బ్లీచింగ్ గాని ఎప్పుడూ వేయకూడదు. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

కొత్తపేట, రావులపాలెం వైపు చిక్కు ఇంకోటి. అక్కడ కాలువకు పోయే దారి అరటితోటల్లోంచి పోతుంది. గెల కోసినచోట కారే కర చొక్కా మీద పడినప్పుడు నీళ్ళలాగే ఉంటుంది, గాలి తగిలిన కొద్దీ గోధుమరంగుకూ నలుపుకూ తిరుగుతుంది. చాకలిసోడా లాంటి క్షారం తగిలితే ఇంకా ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడే పక్క కాలువలో జాడించినవాడికి మరక మిగలదు. ఇంటికి తెచ్చి మర్నాడు ఉతికినవాడికి ఆ చొక్కా శాశ్వతంగా తోటబట్టే. ఉప్పు, నెత్తురు, మడబురద, అరటికర - స్వభావంలో ఒకదానికొకటి పోలిక లేని నాలుగు మురికులు. అయినా నాలుగింటికీ మొదటి మందు ఒకటే: ఆరకముందు చల్లని నీళ్ళు.

దీనికి మొదటి ఆక్షేపణ వేటగాళ్ళ నుంచే వస్తుంది. చుట్టూ అంత సముద్రముంది, ఏరుంది, అందులోనే జాడిస్తే సరిపోదా అంటారు. ఈ మాటలో సగం నిజముంది, దాన్ని గౌరవించాలి. బురద, పొలుసులు, జిగురు వదిలించడానికి ఉప్పునీళ్ళు బాగా పనికొస్తాయి. నెత్తురులోని కొన్ని మాంసకృత్తులు మామూలు నీటిలో కన్నా ఉప్పు కలిసిన నీటిలోనే తేలిగ్గా కరుగుతాయి. పడవ దిగుతూనే అలల్లో బట్టను నాలుగుసార్లు జాడించి పిండటం మంచి అలవాటే, విలువైన మంచినీటిని అది మురికి మీద ఖర్చు కానివ్వదు. అయితే అక్కడితో ఆగిపోతే మురికి పోయి ఉప్పు మిగులుతుంది. కాబట్టి వరస ముఖ్యం: ముందు ఏటినీళ్ళు, తరవాత సబ్బు, ఆఖరున విడతలుగా మంచినీళ్ళు. కొత్త బట్టను ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు పోదన్న నమ్మకం కూడా చాలా ఇళ్ళలో ఉంది. అద్దకం తొట్టిలో కొన్ని రంగులు నూలుకు పట్టడానికి ఉప్పు తోడ్పడే మాట నిజమే. అద్దకం అయిపోయి కొట్టుకొచ్చిన బట్టకు ఇంట్లో వేసే ఉప్పు ఆ పని చేయదు.

రెండో ఆక్షేపణ ఈ కాలానిది: సర్ఫు, వాషింగ్ మెషీన్ ఉండగా నీళ్ళ గొడవ ఎందుకు? పాత బట్టల సబ్బుతో పోలిస్తే ఈ పొడులు గొప్ప మేలు చేసిన మాట వాస్తవం. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీటిలో సబ్బు నురగ కట్టదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లటి తెట్టుగా మారి బట్టకే అంటుకుంటుంది. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాక బోరునీళ్ళలోనూ నురగ చూడటం సాధ్యమైంది. వాటికి ఎంతో ముందునుంచీ ఆ పని చేసింది కుంకుడుకాయ. దాని రసంలోని సాపోనిన్లు సబ్బులా తెట్టు కట్టవు, క్షారం కావు కాబట్టి రంగునూ అరటికరనూ రెచ్చగొట్టవు. చాకిరేవుల్లో వాడిన చవుడు మట్టి, బానలో ఆవిరి పెట్టడం జిడ్డుకు బాగా పనిచేసేవి. మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైములను బట్టల పొడిలో వాడే ఆలోచనను జర్మనీకి చెందిన ఓటో రోమ్ 1913లో అమలుచేశాడు. ఇప్పటి పొడుల్లో చాలావాటిలో అవి ఉంటాయి, నెత్తురు మరకకు నిజంగా సాయపడతాయి. మరిగే నీళ్ళు పోస్తే ఆ ఎంజైములే ముందు పాడవుతాయి. ఇంత చేసినా ఆఖరున జాడించే నీటిలో ఉన్న ఉప్పును ఏ పొడీ తీయలేదు. బట్ట ఏ నీటితో చివరిసారి తడుస్తుందో ఆ నీటిలోని లవణమే అందులో ఆరుతుంది. ఉప్పుబోరుకు కలిపిన మెషీన్ ఎంత ఖరీదైనదైనా ఉప్పుబట్టే ఇస్తుంది.

మూడోది బట్టనే మార్చమనే సలహా. నూలు మానేసి పాలిస్టర్ టీషర్టు, నైలాన్ నిక్కరు వేసుకుంటే త్వరగా ఆరుతాయి, నీళ్ళు తక్కువ పీలుస్తాయి, కాబట్టి ఉప్పూ తక్కువ నిలుస్తుంది. పడవ మీద పనికి ఇది మంచి సలహాయే. ఇప్పటికే కుర్రవాళ్ళు చాలామంది ఆటల జెర్సీలతోనే వేటకు పోతున్నారు. కానీ పాలిస్టర్ నీటిని వద్దన్నంతగా నూనెను వద్దనదు. చేపకొవ్వు దానికి గట్టిగా పడుతుంది. వ్యాయామం చేసినవారి చొక్కాల మీద బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నూలు కన్నా పాలిస్టర్ చొక్కాలే ఎక్కువ దుర్వాసన వేశాయి. వాసన పుట్టించే మైక్రోకాకస్ జాతి సూక్ష్మజీవులు పాలిస్టర్ మీద బాగా పెరిగాయి. ఇక్కడి బండారులంక, పుల్లేటికుర్రు మగ్గాల నూలుబట్ట ఈ నేల తేమలో సుఖమైనదన్న పేరు ఊరికే రాలేదు.    వేటకు వేరే జత పెట్టుకోవడం అన్నిటికన్నా సుళువైన మార్గం అనేవారూ ఉన్నారు. రెండో జత ఉన్నచోట అది మంచిదే. అయితే వేరుగా పెట్టిన బట్టను ఉతకడం వాయిదా పడుతుంది, ఉప్పుతో మడతపెట్టిన నూలు త్వరగా చివుకుతుంది. పక్కన పెట్టడం శుభ్రతకు బదులు కాజాలదు.

ఇక మంచినీళ్ళు ఎక్కడున్నాయి అన్న ప్రశ్న. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల ద్వారా గోదావరి నీరు కోనసీమకు చేరింది. వైనతేయ దాటి రాజోలు వైపు దీవికి నీరు పోవడానికి పి.గన్నవరం దగ్గర ఏటిమీద అక్విడక్టు కట్టారు. 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఎగువ ఊళ్ళలో చాకిరేవులు ఈ కాలువల గట్ల మీదే ఏర్పడ్డాయి. కాలువ చివరన, సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు ఊళ్ళకు చేరేసరికి నీరు సన్నగిల్లుతుంది, భూగర్భంలో ఉప్పు ఎక్కువవుతుంది. వేసవిలో రబీ కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే అక్కడ దిక్కు బోరే, దాంట్లో వచ్చేది ఉప్పునీరే. రొయ్యల చెరువుల వల్ల తాగునీరూ పొలాలూ ఉప్పుబారుతున్న సంగతిని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11 నాటి తీర్పులో వివరంగా చర్చించింది. ఆ తరవాత 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. చెరువులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. యంత్రం లేని పడవలకు మినహాయింపు ఉంది. అంటే కాలువ కట్టేసి మంచినీళ్ళు అతి తక్కువగా ఉండే ఆ రోజుల్లో కూడా అందరికన్నా పేదవాడు వేటకు వెళ్తూనే ఉంటాడు, అతని ఇంట్లో వేటబట్ట ఉతకాల్సి వస్తూనే ఉంటుంది.

ఉతికేది దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళే. కుళాయి వచ్చే గంటలో వంటకూ తాగడానికీ పట్టుకున్నాక బట్టలకు ఎన్ని బిందెలు మిగిలితే అంతే శుభ్రత. చేపల తట్టతో ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళ చీరలకూ ఇదే లెక్క. తట్ట నుంచి కారే నీళ్ళు భుజం మీదుగా దిగి పైట అంచును నానబెడతాయి. అది ఆరకముందు జాడించడానికి దారిలో వారికి ఒక కుళాయి దొరకదు. అయినా బస్సులో పక్కసీటువాళ్ళు ముఖం తిప్పుకునేది ఆ చీరను చూసే, బడిలో పిల్లలను ఏడిపించేది ఆ వాసన పేరుతోనే. శుభ్రత తెలియనివాళ్ళన్న ఆ నింద అన్యాయం. వాస్తవాలకు కూడా విరుద్ధం. వాసన లేని ఆక్సైడు నీచుగా మారడానికి పట్టే సమయానికీ, మంచినీటి కుళాయికి ఉన్న దూరానికీ నడుమ నలిగిపోతున్నవాళ్ళను పట్టుకుని అలవాట్ల గురించి పాఠం చెప్పడం తగని పని. రేవుల్లో ఐసుకూ వలలు కుట్టుకునే పాకలకూ ఏర్పాట్లు చేస్తున్నప్పుడు, పడవ దిగినచోటే ఒంటికీ బట్టకూ సరిపడా మంచినీటి కుళాయి కూడా అదే పథకంలో ఉండాలి. ఎన్ని సబ్బులు పంచినా రాని మార్పు దానితో వస్తుంది.

ఆరబెట్టడంలోనూ నేల స్వభావం చూడాలి. ఎండ బట్టను ఆరబెట్టడంతో ఆగదు, సూక్ష్మజీవులనూ చంపుతుంది. చేపల వేటకు బయటిదైనా ఒక ఉదాహరణ: పొలాల్లో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవారి బట్టలకు అంటే ఎలుకమూత్రంలో లెప్టోస్పైరా సూక్ష్మజీవి ఉండవచ్చు, అది తడిలోనే బతుకుతుంది, పూర్తిగా ఆరితే చస్తుంది. బట్టను తిరగేసి, లోపలి వైపు ఎండకు పెట్టి, సముద్రపు గాలి నేరుగా కొట్టని చోట ఆరేయాలి. తీరం ఒడ్డున దండెం కడితే గాలిలో కొట్టుకొచ్చే ఉప్పుతుంపర ఉతికిన బట్టకు మళ్ళీ పడుతుంది. సాయంకాలం చెమ్మ దిగకముందే తీసి మడతపెట్టాలి. నిషేధం రోజుల్లో పెట్టెలో పెట్టేసే బట్టలకు పెట్టేముందే మంచినీళ్ళ జాడింపు రెండుసార్లు పడాలి, గంజి పెట్టకూడదు. గంజి బూజుకు మేత అవుతుంది. వాటిని జూన్ 15న మళ్ళీ బయటికి తీసేసరికి ఈదురుగాలులు, తొలకరి చినుకులు మొదలవుతాయి. కొన్నాళ్ళకు ఎర్రనీరు దిగి పులసల వేట వస్తుంది. అప్పుడు ఏటినిండా ప్రవహించేది ఉప్పు కలవని వరదనీరు. ఏడాదిలో వేటబట్టలు తేలిగ్గా శుభ్రపడే కాలం అదే, కాకపోతే ఎండ కోసం ఎదురుచూడాలి.